సీ షిఫ్టు చేసేవాడికి ధ్యానం కుదురుతుందా? కొత్తవాళ్ల సందేహాలు

సీ_షిఫ్టు | మార్చి 3, ఉదయం 7:25

అందరికీ నమస్కారం. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో ఇల్లు. మా పనికి వేళాపాళా లేదు. ఏ షిఫ్టు ఉదయం 6కి, బీ మధ్యాహ్నం 2కి, సీ రాత్రి 10కి. మూడూ మారుతూ ఉంటాయి. ఈ మధ్య రక్తపోటు ఎక్కువైంది. మందు రాసిన డాక్టరుగారు కోపం కూడా తగ్గించుకోమన్నారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చీటీ మీద ఉంది, కోపం ఎలా తగ్గించుకోవాలో లేదు.

ఫోనులో వెతికితే ఒకాయన చక్రాలు తెరుస్తానంటాడు, ఇంకొకాయన ముందు డబ్బు కట్టమంటాడు. బుద్ధుడు చెప్పిన పద్ధతి సాదాగా ఉంటుందని విన్నాను. ఉద్యోగం మానకుండా, ఇద్దరు పిల్లల గోల మధ్య నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? తెల్లవారుజామున 4కి లేవాలంటారు. సీ షిఫ్టులో ఆ వేళకు నేను క్రేను మీద ఉంటాను. బాసింపట్టు వేస్తే మోకాళ్లు పట్టేస్తాయి. కళ్లు మూస్తే నిద్ర, తెరిస్తే టీవీ. పెద్ద పెద్ద మాటలు లేకుండా ఎవరైనా చెప్పగలరా?

ఎర్రమట్టి_దిబ్బ | మార్చి 3, ఉదయం 8:02

ముందు ఫోను పక్కగదిలో పెట్టండి. మిగతాది పెద్దవాళ్లు చెబుతారు.

మాస్టారు_భీమిలి | మార్చి 3, ఉదయం 10:40

మీరు అడిగినదే దీఘజాణుడు అనే కోలియ వంశపు గృహస్థు బుద్ధుణ్ణి అడిగాడు. పిల్లలతో కిక్కిరిసిన పడకల మీద పడుకునేవాళ్లం, కాశీ చందనం పూసుకుని పూలదండలు వేసుకునేవాళ్లం, వెండి బంగారాలు చేతబట్టేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పమన్నాడు. ఇల్లు వదిలి రమ్మని బుద్ధుడు అనలేదు. చేసే పనిలో నేర్పు, కష్టార్జితాన్ని కాపాడుకోవడం, మంచివాళ్ల స్నేహం, రాబడికి తగిన ఖర్చు. ఈ నాలుగూ చెప్పాకే శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ అన్నాడు. కాబట్టి షిఫ్టు ఉద్యోగం మీ సాధనకు అడ్డమేమీ కాదు.

ఇక కూర్చునే సంగతి. మోకాళ్లు పట్టేస్తే కుర్చీలో కూర్చోండి. మెత్తని సోఫా వద్దు, భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ మేలు. వీపు వెనక్కి వాల్చకుండా, రెండు పాదాలూ నేలకు ఆనించి, చేతులు ఒడిలో పెట్టుకోండి. నిద్ర వస్తుంటే కళ్లు పూర్తిగా మూయకుండా ఎదుట నేల మీద ఒకచోట చూపు నిలపండి. ముక్కు రంధ్రాల దగ్గర గాలి తాకుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా. అక్కడే ఉండండి. శ్వాసను సాగదీయవద్దు, బిగపట్టవద్దు, లెక్క పెట్టవద్దు. దీర్ఘంగా ఉంటే దీర్ఘమని, పొట్టిగా ఉంటే పొట్టి అని తెలిస్తే చాలు. ఇదే ఆనాపానసతి. ప్రాణాయామంతో దీనికి పొత్తు లేదు. అక్కడ శ్వాసను మనం నడుపుతాం, ఇక్కడ దాని మానాన దాన్ని పోనిచ్చి చూస్తాం.

విపశ్యన అనే ధ్యానం నేర్పే గోయెంకాగారి శిబిరాల్లో ముక్కు దగ్గర చూడమంటారు. మహాసీ సయాడో అనే భిక్షువు సంప్రదాయంలో పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం చూడమంటారు. రెండూ బర్మా నుంచి వచ్చినవే. ఒకటి పట్టుకోండి, రోజుకొకటి మార్చకండి.

మనసు నిలవదు. రెండు శ్వాసలకే మీ సూపర్‌వైజరు గుర్తొస్తాడు. గుర్తొచ్చాడని తెలియగానే, విసుక్కోకుండా మళ్లీ ముక్కు దగ్గరికి రండి. చాలామంది ఇక్కడే 'నాకు చేతకాదు' అని లేచిపోతారు. తప్పిపోయానని తెలిసి వెనక్కి రావడమే అసలు పని, అది ఎన్నిసార్లు జరిగితే అంత మంచిది.

ఎంతసేపంటారా? మొదట పది నిమిషాలు చాలు. సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేలా నడుస్తూ సాధన చేసి, ఫలితం కనబడక ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. సన్యసించక ముందు ఆయన వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదిలేస్తే పలికేదా అని బుద్ధుడు ఆయన్ని అడిగాడు. మీరూ మరీ బిగించవద్దు, తెల్లవారుజామున 4కే లేవాలన్న పట్టింపు వదిలేయండి. సీ షిఫ్టు నుంచి వచ్చాక ముందు నిద్రపోండి. లేచి ముఖం కడుక్కుని, టీ తాగకముందు కూర్చోండి.

సీ_షిఫ్టు | మార్చి 3, సాయంత్రం 5:15

ధన్యవాదాలు మాస్టారూ. ప్రాణాయామం, ఇదీ ఒకటేనని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. భోజనాల బల్ల కుర్చీ మా చిన్నవాడి క్రికెట్ వికెట్టు. అడిగి తీసుకోవాలి.

జైభీమ్_అనకాపల్లి | మార్చి 3, రాత్రి 9:30

మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను. ఈ మధ్య బౌద్ధం అనగానే ముక్కు, శ్వాస, కుర్చీ. దీఘజాణుడికి శీలం గురించి చెప్పారని మీరే రాశారు, ఆ తర్వాత దాన్ని ఒక్క మాటలో దాటేశారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధ ధమ్మం స్వీకరించినప్పుడు పలికింది త్రిశరణాలు (బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు వేడే మాటలు), పంచశీల (ఐదు నడవడి నియమాలు). ఆ తర్వాత 22 ప్రతిజ్ఞలు. మా కాలనీలో ఆదివారం కూడినప్పుడు కూడా ముందు పంచశీల, తర్వాతే కాసేపు కళ్లు మూసుకోవడం.

సీ షిఫ్టుగారూ, మీ రక్తపోటు తగ్గితే సంతోషమే. కానీ మీ కోపం ఎవరి మీద పడుతోంది? సూపర్‌వైజరు మీదా, కాంట్రాక్టు కూలీ మీదా? పైవాడి ముందు మింగిన కోపం కిందివాడి మీద కక్కుతాం, నేను చూసినంతలో ఎక్కడైనా ఇంతే. క్యాంటీనులో మీ బల్ల దగ్గర కాంట్రాక్టువాళ్లు కూర్చుంటారా? ఈ ప్రశ్న కూడా ధ్యానంలో భాగమే అంటాను. నిమ్మళంగా ఊపిరి చూసుకుంటూ ఎదుటివాణ్ణి 'ఒరేయ్' అనేవాళ్లను బోలెడంతమందిని చూశాను.

మాస్టారు_భీమిలి | మార్చి 4, ఉదయం 6:50

న్యాయంగా అడిగారు. శీలం, సమాధి (మనసు నిలపడం), ప్రజ్ఞ అనే వరుసలో మొదటిది శీలమే. ఒక్క మాట మాత్రం కలుపుతాను. శీలం పూర్తిగా కుదిరాకే కూర్చుంటానంటే ఈ జన్మకు కూర్చోలేం. కూర్చున్నప్పుడే మన నోటి దురుసు మనకు కనబడుతుంది. రెండూ ఒకదాని చేయి పట్టుకుని ఒకటి నడుస్తాయి.

కోపిష్ఠివాళ్లకు నేను చెప్పేది రాహులుడికి తండ్రి చెప్పిన పాఠం. అద్దం దేనికని అడిగాడు బుద్ధుడు. చూసుకోవడానికన్నాడు కొడుకు. అలాగే ఏ పనైనా, ఏ మాటైనా, ఏ ఆలోచనైనా చేయబోయే ముందు చూసుకో, చేస్తుండగా చూసుకో, చేశాకా చూసుకో, దీనివల్ల నాకుగానీ ఇతరులకుగానీ బాధ కలుగుతుందా అని. అప్పటికి రాహులుడు ఏడేళ్లవాడని అట్ఠకథ, అంటే పాత పాళీ వ్యాఖ్యానం, చెబుతుంది. 'చేశాక' కూడా చూడమన్నాడు, గమనించండి. ముందు చూడలేకపోయినవాళ్లకు అక్కడైనా చోటుంది.

నిర్వాహకులు | మార్చి 4, ఉదయం 9:00

రుసుము కట్టించుకుని 'మూడు రోజుల్లో మూడో కన్ను' తెరిపిస్తామంటూ ఇక్కడ పెట్టిన ప్రకటనను తొలగించాం. చర్చ కొనసాగించండి.

ఎర్రమట్టి_దిబ్బ | మార్చి 4, ఉదయం 9:06

నాకు ఉన్న రెండిటికే అద్దాలు మార్పించాలి. మూడోది భరించలేను.

హార్బరు | మార్చి 5, రాత్రి 11:20

చాలాకాలంగా ఇక్కడ చదవడమే, రాయడం ఇదే మొదలు. మాది వేట కుటుంబం. మా నాన్న మరబోటు నడిపే సరంగు, నేను అందులో పనివాడిగా, కలాసీగా వెళ్తాను. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. సముద్రం మీద రాత్రి కాపలా వేళ మాస్టారు చెప్పినట్లు శ్వాస చూశాను. బాగానే ఉంది. ఆ తర్వాత పంచశీల చదివాను. మొదటిదే ప్రాణం తీయకూడదని.

తెల్లవారితే వల లాగుతాం. కవ్వళ్లు, కోనాం, చందువ, ఏది పడితే అది. డెక్కు మీద కొట్టుకుంటూ ఉంటాయి. వాటి పక్కనే మంచు పలకలు పగలగొడుతుంటాం. ఇన్నేళ్లూ ఆ కొట్టుకోవడం చెవికెక్కలేదు, ఇప్పుడు వినబడుతోంది. శ్వాస చూడటం వల్లనే వినబడుతోందనుకుంటాను. ఇది మంచిదా, చెడ్డదా? మా ఇల్లు దీని మీదే గడుస్తుంది. నాలాంటివాడు ఇందులోకి రావచ్చా, లేక గుమ్మం బయటే ఆగాలా?

జైభీమ్_అనకాపల్లి | మార్చి 6, ఉదయం 7:45

తమ్ముడూ, గుమ్మమనేది ఎవడు పెట్టాడు? చేపను కొని తిన్నవాడు శుద్ధుడు, పట్టి తెచ్చినవాడు పాపి అనే లెక్క ఈ దేశంలో చాలాకాలం నడిచింది. ఆ లెక్కను బౌద్ధంలోకి తేవద్దు. చర్మం పని, మాంసం పని, చావు పని చేసేవాళ్లను ఊరి బయట పెట్టి, వాళ్ల చేతి ఫలితాన్ని మాత్రం ఊరంతా అనుభవించింది. నువ్వు రా, కూర్చో.

సీతమ్మధార_పద్మ | మార్చి 6, మధ్యాహ్నం 1:30

హార్బరుగారూ, మీరు రాసింది చదివాక మధ్యాహ్నం పులుసు సరిగ్గా దిగలేదు. తప్పు మీది కాదు. రైతు బజారు నుంచి వచ్చేటప్పుడు కోనాం ముక్కలు కొని తెచ్చుకునేది నేనే కదా.

మాస్టారు_భీమిలి | మార్చి 6, సాయంత్రం 6:10

నాయనా, తీపిగా ఒక మాట చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేదు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడి బోధల సంపుటాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఉంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం. చేపల వేటను పొగిడిన సుత్తం (బుద్ధుడి ఉపదేశం) ఒక్కటీ లేదు, తప్పుపట్టినవి ఉన్నాయి. భిక్షువులకు కూడా తమకోసం చంపినట్లు చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం తినకూడదని నియమం. కాబట్టి 'అదేం ఫరవాలేదు' అని నేను అనలేను.

రెండో సంగతి కూడా అంతే నిజం. యసోజుడనే భిక్షువు సావత్థి (శ్రావస్తి) దగ్గర బెస్తల పెద్దకు పుట్టినవాడని అట్ఠకథ చెబుతుంది. ఆయన అర్హంతుడయ్యాడు, అంటే పూర్తి విముక్తి పొందాడు. ఉదానం అనే పాళీ గ్రంథంలో ఆయన కథ ఉంది, భిక్షువుల పద్యాల సంకలనమైన థేరగాథల్లో ఆయన గాథ ఉంది. పుట్టిన పల్లె ఆయనకు అడ్డం రాలేదు.

శీలాలను ఎవరూ ఆజ్ఞగా మన మీద రుద్దరు. తీసుకునేవాడు తనకు తానే తీసుకుంటాడు. ఈ రోజు నిజాయితీగా నాలుగే తీసుకోగలిగితే నాలుగే తీసుకో. మొదటిదాన్ని వేట లేని రోజుల్లో తీసుకో. నెమ్మదిగా వేరే దారి దొరుకుతుందేమో చూసుకో, దొరికేదాకా ఇంట్లోవాళ్లను పస్తు పెట్టమని ఏ ధర్మమూ చెప్పదు. చేపలు కొట్టుకోవడం వినబడుతోందని రాశావు. దానికి చెవులు మూసుకోకు, దానికోసం నిన్ను నువ్వు తిట్టుకోనూ వద్దు. మంచిదా, చెడ్డదా అన్నావు కదా, మంచిదే.

హార్బరు | మార్చి 7, తెల్లవారుజామున 3:50

చదివాను మాస్టారూ. ఇప్పుడు బోటు బయలుదేరుతోంది. వచ్చాక రాస్తాను.

ఎర్రమట్టి_దిబ్బ | మార్చి 7, ఉదయం 8:30

పెద్ద ప్రశ్నల మధ్య నాదొక చిన్నది. దోమల సంగతేమిటి? మా వీధిలో సాయంత్రం 6 దాటితే ధ్యానం చేసేది నేను కాదు, అవి.

మాస్టారు_భీమిలి | మార్చి 7, ఉదయం 9:15

దోమతెర కట్టుకుని అందులో కూర్చోండి, ఫ్యాను వేసుకోండి. డెంగీ ఉన్న ఊళ్లో దోమలతో తాత్త్విక చర్చ వద్దు. కుండీల్లో నీళ్లు నిలవనివ్వకపోతే చంపాల్సిన పనే సగం తగ్గుతుంది. ఒకవేళ కుడితే, కొట్టే ముందు ఒక్క క్షణం ఆ దురదను చూడండి. మొదలవుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. అనిత్యం గురించి పుస్తకాలు చదివినవాళ్లకు కూడా ఈ పాఠం దోమే చెప్పాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మార్చి 9, మధ్యాహ్నం 3:05

నేను ఆసుపత్రిలో నర్సును. రాత్రి డ్యూటీలో కుర్చీ వేసుకుని పది నిమిషాలు కూర్చోవడం మాకు కలలో మాట. నా సాధన వాష్‌బేసిన్ దగ్గర. సబ్బుతో చేతులు సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొనలు. ఒక పేషెంటు దగ్గరి నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లే ముందు ఎలాగూ కడగాలి. ఆ నిమిషం పాటు నీళ్ల చల్లదనం, సబ్బు జారుడు, వేలికి వేలు తగలడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోను. 4వ బెడ్డు దగ్గరి విసుగు 5వ బెడ్డు దాకా రాదు. ఎప్పుడూ ఇంత చక్కగా కుదరదు, చాలాసార్లు వస్తుంది. అయినా రాత్రికి ఎన్నిసార్లు చేతులు కడుగుతామో మా వృత్తివాళ్లకు తెలుసు. అన్ని అవకాశాలు.

బుద్ధుడి కథల్లో నాకు బాగా పట్టినది విరేచనాలతో పడి ఉన్న భిక్షువు కథ. తోటివాళ్లెవరూ పట్టించుకోకపోతే బుద్ధుడు నీళ్లు పోశాడు, శిష్యుడు ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని ఆ సందర్భంలోనే చెప్పాడు. బెడ్ పాన్ పట్టుకున్న రోజున ఆ కథ గుర్తొస్తే నడుం నొప్పి తగ్గదు కానీ ముఖం చిట్లించడం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక కూడా. సీ షిఫ్టుగారూ, ధ్యానం మొదలుపెట్టానని రక్తపోటు మాత్ర మానకండి. డాక్టరు చెబితేనే మార్చాలి. ఇంకొకటి, దిగులు వ్యాధి, తీవ్రమైన ఆందోళన, భ్రమలు ఉన్నవాళ్లు, ఈ మధ్యే పెద్ద దుఃఖం తగిలినవాళ్లు ఒంటరిగా గంటల తరబడి కూర్చోవద్దు. కళ్లు మూసుకుంటే భయం పెరుగుతుంటే తెరవండి, లేచి నడవండి, డాక్టరుకు చెప్పండి. 'ఇది కర్మ కరుగుతున్న గుర్తు, ఓర్చుకో' అని ఎవరైనా అంటే నమ్మకండి.

మాస్టారు_భీమిలి | మార్చి 9, సాయంత్రం 5:40

సిస్టరుగారి మాట అందరూ రెండుసార్లు చదవండి. ఆవిడ వాష్‌బేసిన్ దగ్గర చేసేది సతిపట్ఠాన సుత్తంలో ఉన్నదే. ముందుకు నడవడం, వెనక్కి మళ్లడం, చేయి ముడవడం, చాపడం, తినడం, తాగడం, చివరికి మలమూత్ర విసర్జన వేళ కూడా ఎరుకతో ఉండమని అందులో ఉంది. ప్రత్యేకంగా సమయం లేదనేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

సీతమ్మధార_పద్మ | మార్చి 11, ఉదయం 11:00

నాది ఇంటి సమస్య. నేను కాసేపు కుర్చీలో కూర్చుంటున్నానని తెలిసి మా అత్తగారు, "బుద్ధుణ్ణి పట్టుకుంటే సింహాద్రి అప్పన్నను వదిలేసినట్లేనా?" అని అడిగారు. ఆవిడ ఏటా ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ చేస్తారు. 32 కిలోమీటర్లు, ఈ వయసులో. నేను వెంట వెళ్లాలి. వెళ్తే ఇది తప్పవుతుందా, ఇది చేస్తే అది తప్పవుతుందా?

జైభీమ్_అనకాపల్లి | మార్చి 11, మధ్యాహ్నం 12:20

మా ఇంట్లో పూజలు లేవు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లకు ఆ విషయం అందులో స్పష్టంగా ఉంది, మాకు అది రాజీ లేని విషయం. మీరు ఆ ప్రతిజ్ఞలు తీసుకోలేదు. తీసుకోనివాళ్ల మీద వాటిని రుద్దే హక్కు నాకు లేదు. అత్తగారి కాళ్ల నొప్పులకు తోడు వెళ్లండి. నాకు మరొక కోరిక ఉంది: బుద్ధుణ్ణి దేవుడి గది పటాల్లో ఇంకొక పటం చేసి కూర్చోబెట్టకండి. హారతి ఇచ్చేసి ఆయన చెప్పింది మరిచిపోవడం సులువు.

మాస్టారు_భీమిలి | మార్చి 11, సాయంత్రం 7:00

పద్మమ్మా, ఆషాఢ పౌర్ణమి అంటే బౌద్ధులకూ పెద్ద రోజే. సారనాథ్‌లో ఐదుగురికి మొదటి ధర్మోపదేశం జరిగింది ఆ రోజునే అంటారు. మర్నాటి నుంచి భిక్షువులకు వర్షావాసం, అంటే వానాకాలమంతా ఒకేచోట ఉండటం. అత్తగారితో ఈ మాట చెప్పి చూడు, తిథి కలిసిందంటే పెద్దవాళ్లు సగం మెత్తబడతారు.

కొండ చుట్టూ నడిచేటప్పుడు పాదం లేచింది, ముందుకు వెళ్లింది, నేలకు ఆనింది, ఇంతవరకు చూడు. చంక్రమణమంటే, నడుస్తూ చేసే ధ్యానమంటే ఇదే. అత్తగారు గోవింద నామం చెప్పుకుంటారు, నువ్వు అడుగులు చూసుకుంటావు. జనం తోసుకుంటారు, మైకులు మోగుతుంటాయి, ఎవరో కాలు తొక్కుతారు. హాయిగా గదిలో కూర్చుంటే దొరకని అభ్యాసం అది.

సీతమ్మధార_పద్మ | మార్చి 12, ఉదయం 8:15

తిథి సంగతి చెప్పాను. "అయితే ఆయనకీ పౌర్ణమి పట్టింపు ఉందన్నమాట" అన్నారు. కాఫీ గ్లాసు నాకే ముందు ఇచ్చారు. ప్రస్తుతానికి చాలు.

సీ_షిఫ్టు | మార్చి 17, ఉదయం 10:30

ఇంతకాలం అందరివీ చదువుతూ వచ్చాను. జైభీమ్‌గారు అడిగిన క్యాంటీను ప్రశ్న నన్ను వదల్లేదు. మా బల్ల దగ్గర వాళ్లు కూర్చోరు. ఎవరూ వద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. మొన్న ఒకతన్ని పిలిచాను. వచ్చి కూర్చున్నాడు, ఇద్దరం సరిగా మాట్లాడుకోలేదు. నిన్న పిలవకుండానే వచ్చాడు.

కోపం సంగతి. షిఫ్టు ముగిశాక మా చోటికి రావాల్సిన రిలీవరు రాకపోతే మేము కదలడానికి లేదు. మొన్న సీ షిఫ్టులో 6 అయింది, 6:20 అయింది, మనిషి లేడు. రాత్రంతా కూర్చున్న నడుము, బస్సు వెళ్లిపోతుందన్న తొందర. దవడలు బిగుసుకున్నాయి, చెవులు వేడెక్కాయి, వాడు రాగానే అనాల్సిన మాటలు వరుసగా నోటి దాకా వచ్చాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ దవడలను గమనించాను. గమనించినంత మాత్రాన కోపం పోలేదు. వాడు వచ్చాక రెండు మాటలు అన్నాను కూడా. మామూలుగా పది అంటాను. దాచిపెట్టిన ఎనిమిదీ ఇంటికి తీసుకువెళ్లి పిల్లల మీద పడేయలేదు, అది మా ఆవిడ గమనించింది.

ఒక సందేహం. క్రేను నడుపుతున్నప్పుడు శ్వాస చూడవచ్చా?

మాస్టారు_భీమిలి | మార్చి 17, ఉదయం 11:10

చూడవద్దు! క్రేను నడుపుతున్నప్పుడు క్రేనునే చూడండి. కొక్కెం, గొలుసు, కింద మనుషులు, చేయి ఊపే సిగ్నల్‌మ్యాన్. ఎరుక అంటే ఆ క్షణంలో చేయాల్సిన పని మీద ఉండటం, అక్కడి నుంచి మనసును లాక్కొచ్చి ముక్కు మీద పెట్టడం కాదు. బండి నడిపేవాళ్లకూ ఇదే. రద్దీగా ఉండే ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎవరూ అంతర్ముఖులు కావద్దు.

జైభీమ్_అనకాపల్లి | మార్చి 17, మధ్యాహ్నం 1:00

బల్ల సంగతి చదివాను. ఆయనతో మాట్లాడటానికి విషయం దొరకకపోతే వాళ్ల ఊరు అడగండి.

ఎర్రమట్టి_దిబ్బ | మార్చి 19, సాయంత్రం 6:45

అందరం రాతల్లోనే కలుస్తున్నాం. ఒక ఆదివారం పొద్దున్నే పాత బౌద్ధ విహారం ఉన్న తొట్లకొండకు వెళ్దామా? మంగమారిపేట దగ్గర బీచ్ రోడ్డు నుంచి పైకి దారి ఉంది. ఎండ ఎక్కకముందే దిగిపోవచ్చు. మాస్టారు వస్తే స్తూపాల సంగతి కూడా తెలుస్తుంది. ఫొటోలు దిగి వచ్చేవాళ్లమే కానీ అక్కడ ఎవరు, ఎలా బతికారో మాకేం తెలుసు?

మాస్టారు_భీమిలి | మార్చి 19, రాత్రి 8:30

వస్తాను. కర్రతో వస్తాను, నెమ్మదిగా నడవాలి.

సముద్రానికి 128 మీటర్ల ఎత్తున ఉందా కొండ. 1976లో నౌకాదళంవాళ్లు విమానం మీద నుంచి సర్వే చేస్తుంటే శిథిలాలు కనబడ్డాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), వరుసగా భిక్షువుల గదులు, స్తంభాల మండపం, భోజనశాల బయటపడ్డాయి. బండలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాననీటిని పట్టి ఏడాదంతా వాడుకున్నారు.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేవి అక్కడ దొరికిన నాణేలు. శాతవాహనుల సీసపు నాణేలు, వాటితోపాటు రోమను వెండి నాణేలు. ప్రపంచాన్ని వదిలి కొండెక్కినవాళ్ల దగ్గర రోము డబ్బేమిటి? కింద తీరం వెంట వ్యాపారం సాగింది, ఓడలవాళ్లు, వర్తకులు దానాలిచ్చారు. భిక్షువు వండుకోడు. ఎవరో పెడితే తినాలి, పెట్టినవాళ్లకు ధర్మం చెప్పాలి. అంటే ఆ విహారానికీ, కింద రేవుకూ మధ్య రాకపోకలు ఆగలేదు. ధ్యానమంటే ఊరికి దూరంగా పారిపోవడమనేవాళ్లకు ఆ నాణేలు చూపించాలనిపిస్తుంది.

ఇలాంటి బౌద్ధ స్థలమే అయిన బావికొండ కూడా దగ్గరే. శంకరం దగ్గరి బొజ్జన్నకొండకు మాత్రం వేరే రోజు పెట్టుకోవాలి, జైభీమ్‌గారి ఊరి పక్కనే కాబట్టి అది ఆయన చూపించాలి. ఒక విన్నపం: స్తూపాల మీద, గోడల మీద ఎక్కి కూర్చోకండి. పక్కన చెట్ల నీడ ఉంది.

జైభీమ్_అనకాపల్లి | మార్చి 20, ఉదయం 7:20

తప్పకుండా చూపిస్తాను. కనుమ నాడు మాత్రం వద్దు, ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఆదివారం తొట్లకొండకు మేం నలుగురం వస్తాం. పైకి వెళ్లాక ముందు పంచశీల అందాం. మాస్టారూ, ఒప్పుకుంటారా?

మాస్టారు_భీమిలి | మార్చి 20, ఉదయం 7:35

మీరు చెప్పించండి, నేను వెనక అంటాను.

హార్బరు | మార్చి 24, రాత్రి 10:15

ఆదివారం బోటు మీద ఉన్నాను, రాలేకపోయాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు బోట్లన్నీ రేవులోనే. ఏటా వలలు బాగు చేసుకోవడం, పేకాట, అప్పులు. ఈసారి పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాలనుకుంటున్నాను. డబ్బు ఎంతవుతుంది? నాలాంటివాళ్లు వెళ్లవచ్చా? ఫోను తీసేసుకుంటారట, నిజమా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మార్చి 25, ఉదయం 7:50

నేను వెళ్లి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. గోయెంకాగారి సంప్రదాయంలో బసకూ, భోజనానికీ, బోధనకూ రుసుము లేదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు తర్వాతి వాళ్లకోసం ఇచ్చే దానాలతోనే నడుస్తుంది. పూర్తి చేయనివాళ్ల దగ్గర దానం కూడా తీసుకోరు. ఫోను, పుస్తకాలు, కలం కాగితం లోపలికి వెళ్లవు. పదో రోజు పొద్దున దాకా తోటివాళ్లతో మాటలు ఉండవు, ఆచార్యుణ్ణీ, ఏర్పాట్లు చూసేవాళ్లనూ అడగవచ్చు. తెల్లవారుజామున 4కి గంట కొడతారు, బోటువాళ్లకు అదేం పెద్ద వేళ కాదు. మొదటి మూడు రోజులూ ఆనాపానం (శ్వాస చూడటం), నాలుగో రోజు నుంచి విపశ్యన (ఒంట్లోని స్పందనలు చూడటం), చివర మైత్రీ భావన (అందరి మేలూ కోరడం). కొత్తవాళ్లకు సాయంత్రం పండు, టీ ఇస్తారు, రాత్రి భోజనం లేదు. రోజూ సుమారు పది గంటలు కూర్చోవడం. రెండో రోజూ, ఆరో రోజూ పారిపోవాలనిపించడం చాలామందికి మామూలే.

దరఖాస్తులో జబ్బులు, మందుల గురించి అడుగుతారు. దాచకండి. చేరే రోజు, తిరిగి వచ్చే రోజు కలిపి పన్నెండు రోజులు లెక్క వేసుకోండి. హైదరాబాదులో, వనస్థలిపురం వైపు, ధమ్మఖేత్త కేంద్రం ఉంది. 1976లో మొదలైంది. వేసవి సెలవుల్లో చోటు తొందరగా నిండిపోతుంది, ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

హార్బరు | మార్చి 25, మధ్యాహ్నం 2:10

ఇప్పుడే పెట్టాను అక్కా. వృత్తి అన్నచోట వేట అనే రాశాను. అక్కడ ఉన్నన్ని రోజులూ ఐదు శీలాలూ పాటించాలట, మొదటిది కూడా. నిషేధం కదా, కుదురుతుంది. రాత్రి భోజనం లేదంటే మా అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆ పండు, టీ సంగతి తనకు మీరే ఫోనులో ఒకసారి చెప్పగలరా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మార్చి 25, మధ్యాహ్నం 2:30

ఈ వేదికలో వ్యక్తిగత సందేశాలు ఉన్నాయి కదా, అందులో నంబరు పంపండి. సాయంత్రం 7 లోపల అయితే మాట్లాడతాను, 8కి డ్యూటీ.